ముందు బ్యాటరీ, తర్వాతే మిషన్

షార్జాలో నేను చేసేది ఏసీ డక్ట్ పని, అంటే చల్లగాలి వెళ్లే రేకు గొట్టాలను పైకప్పుకు బిగించడం. స్లాబుకు రంధ్రం వేసి, యాంకర్ దించి, రాడ్ బిగిస్తేనే డక్ట్ నిలుస్తుంది. రోజంతా తల పైకెత్తి, చేతులు చాచి చేసే పని. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు బ్యాటరీతో నడిచే సొంత మిషన్ కొనుక్కోవాలనుకున్నప్పుడు "అన్నా, ఏ డ్రిల్లు మంచిది?" అని అడుగుతారు. ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోమంటాను. మకీటా కంపెనీ బ్యాటరీ బాష్ కంపెనీ మిషన్‌కు ఎక్కదు. బాష్‌లోనే నీలం మిషన్ల బ్యాటరీ ఆకుపచ్చ వాటికి పట్టదు. ఒక కంపెనీ బ్యాటరీ కొన్నామంటే రేపు కొనే గ్రైండర్, లైటు కూడా ఆ కంపెనీవే అయి ఉండాలి. అప్పుడు బ్యాటరీ లేకుండా ఉత్త బాడీ కొనుక్కోవచ్చు, డబ్బు మిగులుతుంది.

ఒక బ్యాటరీ డబ్బా మీద 18 వోల్టులని, ఇంకోదాని మీద 20 వోల్టులని ఉంటుంది. రెండింటిలోనూ వరుసకు అయిదు సెల్సే. ఒక్కొక్కటి 3.6 వోల్టులు, అయిదు కలిస్తే 18. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్ 4 వోల్టులు దాటుతుంది కాబట్టి 20 అని రాసుకుంటారు. ఆ రెండు వోల్టుల కోసం పైసా ఎక్కువ పెట్టనక్కర్లేదు.

చూడాల్సింది ఏహెచ్ (ఆంపియర్ అవర్), అంటే బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే అంకె. 2 ఏహెచ్ ప్యాక్‌లో ఒకే వరుస. 5 ఏహెచ్‌లో సాధారణంగా రెండు వరుసలు, పది సెల్స్. ఇనుప యాంగిల్ కోస్తూ గ్రైండర్ 30 ఆంపియర్లు లాగిందనుకోండి, చిన్న ప్యాక్‌లో ఆ భారమంతా ఒక్క వరుసే మోయాలి. పెద్దదాంట్లో చెరో 15 పంచుకుంటాయి. చిన్నది ఊరికే వేడెక్కి ఆగిపోవడానికి కారణం అదే. అలాగని నిచ్చెన మీద స్క్రూలు బిగించడానికి కూడా పెద్దది తగిలిస్తే సాయంత్రానికి భుజం పడిపోతుంది. నా లెక్కలో హామర్ డ్రిల్లుకు, గ్రైండర్‌కు రెండు 5 ఏహెచ్‌లు, స్క్రూ పనికి ఒక 2 ఏహెచ్ చాలు.

చవగ్గా దొరికే నకిలీలను చేత్తోనే కొంతవరకు పట్టుకోవచ్చు. ఈ ప్యాకుల్లో వాడే మామూలు గుండ్రటి సెల్ (18650 అంటారు) ఒక్కటి దాదాపు 45 గ్రాములుంటుంది. పది సెల్స్‌కే 450 గ్రాములు, పైన ప్లాస్టిక్ డొప్ప, సర్క్యూట్ బరువు వేరే. 5 ఏహెచ్ అని రాసి ఉన్న ప్యాక్ అంతకంటే తేలికగా తూగితే అక్కడే వదిలేసి రండి. అందులో రక్షణ సర్క్యూట్ సరిగ్గా ఉందన్న నమ్మకం ఉండదు. ఆరుగురు పడుకునే గదిలో రాత్రంతా దాన్ని ఛార్జింగ్‌కు పెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

ఇక ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి చట్టం. మనం నీడకు వెళ్లేటప్పుడు బ్యాటరీలను పికప్‌లో వదిలేయకూడదు. నిండా ఛార్జ్ ఉండి, పైన వేడి తగిలితే సెల్ తొందరగా ముసలిదవుతుంది. పని ఆపిన వెంటనే వేడి బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే లైటు వెలుగుతుంది గానీ ఛార్జ్ ఎక్కదు. ఛార్జర్ పాడైందని కొందరు దాన్ని కొడతారు. అది బ్యాటరీ చల్లబడే దాకా ఆగుతోంది, అంతే. ఏసీ ఉన్న క్యాబిన్‌లో కాసేపు ఉంచితే సరి.

5 ఏహెచ్ దగ్గరే ఆగమనడానికి ఇంకో కారణం ఇంటికి వెళ్లే విమానం. 18 వోల్టులను 5తో గుణిస్తే 90 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి. 100 లోపు వాటికి విమానంలో ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 6 ఏహెచ్ అయితే 108, ఎయిర్‌లైన్‌ను ముందే అడగాలి, అవీ రెండుకు మించి కుదరవు. విడి బ్యాటరీలు ఎప్పుడూ చేతి సంచిలోనే, కొనలకు టేపు వేసి. మిషన్ మాత్రం చెక్-ఇన్ లగేజీలో. లగేజీ పెట్టెలో విడి బ్యాటరీ కనబడితే పెట్టె అక్కడే ఆగిపోతుంది. ఇక్కడి ఛార్జర్ మన 230 వోల్టుల కరెంటుకు సరిపోతుంది, ఇక్కడి మూడు చదును పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ ఒక్కటి కొనుక్కుంటే చాలు.

సెలవు పొడుగైతే బ్యాటరీని సగం ఛార్జ్‌లో, రేకుల కప్పు కింద కాకుండా చల్లని గదిలో పెట్టి, మధ్యమధ్య బ్యాటరీ మీది ఛార్జ్ గీతలు చూసి కాస్త ఎక్కించండి.