మా వ్యానుకి స్పీడోమీటరు మార్చాం

మాది 1985 ఫోక్స్‌వ్యాగన్ వెనగాన్, వెస్ట్‌ఫాలియా క్యాంపర్, అంటే లోపలే పడుకోడానికి, వండుకోడానికి వీలున్న వ్యాను. కాలిఫోర్నియాలో పిల్లల సెలవులన్నీ దాంట్లోనే గడుస్తాయి. పోయిన వేసవిలో 40 మైళ్ళు దాటితే చాలు, స్పీడు ముల్లు వణికేది. రెండు వారాలకి సున్నా మీద పడి ఇక లేవలేదు.

మీటరు కొనేద్దామని కూర్చున్నాను. విజయవాడ నుంచి వచ్చిన నాన్న ఆపారు. "ముందు కేబులు చూడరా. మన చేతక్‌కి ఎన్నిసార్లు తెగలేదు? దానికీ ముందు చక్రం నుంచేగా వచ్చేది!"

నిజమే. ఇంజను, గేర్‌బాక్సు రెండూ వెనక ఉన్న బండి ఇది. అందుకే కేబులు ముందు ఎడమ చక్రం నుంచి వస్తుంది. బేరింగు మూతకి నలుచదరపు రంధ్రం, అందులో కేబులు కొస, ఊడిపోకుండా చిన్న క్లిప్పు. చక్రంతో మూత, మూతతో కేబులు తిరుగుతాయి. జాకీ పెట్టి చక్రం చేత్తో తిప్పాను. డాష్‌బోర్డు దగ్గర కేబులు పై కొసని మీటరు నుంచి ఊడదీసి పట్టుకున్న నాన్న "తిరుగుతోంది, చక్కగా తిరుగుతోంది" అన్నారు. అంటే కేబులు బాగుంది, తప్పు మీటరులోనే. ఆ పావుగంట పరీక్ష చేయకపోతే ఏది పాడైందో తెలియకుండానే డబ్బు పోసేవాణ్ణి.

పక్క సీటు కింది బ్యాటరీ నెగటివ్ తీశాక మీటర్ల పెట్టె బయటికి లాగాను. నాకు భయం వేసింది దాని వెనక అంటించిన పల్చటి సర్క్యూటు రేకు దగ్గరే. నలభయ్యేళ్ళ ప్లాస్టిక్, ఎండుటాకులా ఉంది. గట్టిగా లాగితే చిరుగుతుంది, చిరిగితే పెట్రోలు ముల్లూ దీపాలూ కూడా పోతాయి. కనెక్టరుని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపుతూ తీయడానికే అరగంట పట్టింది. మిగతాది స్క్రూల పని.

కొన్నది బాగుచేసి సున్నాకి తెచ్చిన పాత మీటరు. మా బండి అప్పటిదాకా తిరిగిన మైళ్ళ అంకె అందులో పెట్టడం కుదరలేదు. అలాంటప్పుడు ఓడోమీటరు, అంటే మొత్తం మైళ్ళు లెక్కపెట్టే అంకెల మీటరు, సున్నాకి పెట్టి, పాత అంకె, మార్చిన తేదీ రాసిన చీటీ ఎడమ తలుపు ఫ్రేముకి అంటించాలని ఇక్కడి ఫెడరల్ చట్టం. అంటించాను. రేపు ఈ బండి కొనేవాళ్ళకి అది తెలియాలి.

సాయంత్రం హైవే ఎక్కాం. నాన్న ఫోన్‌లో జీపీఎస్ చూస్తూ "యాభై ఐదు" అన్నారు. ముల్లు వణక్కుండా 57 దగ్గర నిలబడింది.