జెంగర్ ఒక్కసారి కాదన్నాడు

జర్మన్ సేనానుల మాట వస్తే చాలామంది రోమెల్‌తో మొదలుపెట్టి రోమెల్ దగ్గరే ఆగిపోతారు. నాకెందుకో అతని మీద పెద్దగా ఆసక్తి కలగలేదు. నన్ను వదలనివాడు ఫ్రీడోలిన్ ఫాన్ జెంగర్. 1891లో పుట్టాడు, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. భక్తిపరుడైన క్యాథలిక్. సన్యసించకుండానే, సన్యాసుల కోసం సెయింట్ బెనెడిక్ట్ పెట్టిన నియమాలకు కట్టుబడిన గృహస్థు. అశ్వదళం నుంచి ట్యాంకులకు మారాడు. 1942 డిసెంబరులో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైనికులను విడిపించబోయి విఫలమైన సేనలో 17వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌ను నడిపింది ఇతనే.

నాకు ముఖ్యమనిపించేది 1943 సెప్టెంబరు. అప్పటిదాకా జర్మనీ పక్షాన పోరాడిన ఇటలీ మిత్రరాజ్యాలకు లొంగిపోయి పక్కకు తప్పుకుంది. ఎదురుతిరిగి పట్టుబడిన ఇటాలియన్ అధికారులను కాల్చేయమని హిట్లర్ ఆదేశం. అప్పుడు మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవిలో ఉన్న జెంగర్ ఆ పని చేయనని పై అధికారి కెసెల్రింగ్‌కు చెప్పేశాడు, బందీలను ఇటలీకి పంపించేశాడు. అదే నెలలో గ్రీసులోని కెఫలోనియా దీవిలో మరో జర్మన్ దళం లొంగిపోయిన ఇటాలియన్లను వేల సంఖ్యలో చంపింది.

మరి కాదన్న జెంగర్‌కు ఏమైంది? ఏమీ కాలేదు. మరుసటి నెలలోనే కొన్ని డివిజన్లు కలిసిన 14వ పాంజర్ కోర్ అతని చేతికొచ్చింది. 1944 జనవరిలో పదోన్నతి కూడా. ‘ఆజ్ఞ మీరితే ప్రాణం పోయేది’ అని యుద్ధం తర్వాత చెప్పుకున్న అధికారుల మాట నాకు అందుకే మింగుడుపడదు.

ఆ కోర్ కాపలా కాయాల్సింది ఇటలీలోని మాంటె కసీనోను. సెయింట్ బెనెడిక్ట్ స్వయంగా స్థాపించిన మఠం ఉన్న కొండ అది! మఠం లోపల సైనికులను పెట్టలేదు కానీ, దాని కిందనున్న వాలుల నిండా జర్మన్ స్థావరాలే. మిత్రరాజ్యాల విమానాలు 1944 ఫిబ్రవరి 15న మఠాన్ని నేలమట్టం చేశాయి. లోపల తలదాచుకున్న పౌరులు ఎందరో చనిపోయారు. బతికి బయటపడ్డ వృద్ధ మఠాధిపతి డియామారేను తన కార్యాలయానికి రప్పించి, మఠంలో జర్మన్లు లేరని రేడియో కోసం చెప్పించాడు జెంగర్. ఆయన చెప్పింది నిజమే, అయినా అది హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కు పనికొచ్చే నిజం. శిథిలాల్లోకి జర్మన్ పారాట్రూపర్లు చేరాక కొండ ఇంకా దుర్భేద్యమైంది. రాజ్‌పుతానా రైఫిల్స్, గూర్ఖాలు సహా మన నాలుగో ఇండియన్ డివిజన్ సైనికులు ఆ రాళ్ల మధ్యే నేలకొరిగారు. యుద్ధ చరిత్రకారులు కసీనో రక్షణను మెచ్చుకున్నప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

హిట్లర్ పాలనను అసహ్యించుకున్నానని తర్వాత జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అబద్ధమని నేననను. కోర్సికాయే సాక్ష్యం. కానీ అసహ్యించుకున్న పాలన కోసమే 1945 మే వరకు ఇటలీలో ఒక్కో కొండా పట్టుకుని పోరాడాడు, అదీ చాలా సమర్థంగా. చివరికి ఫ్లోరెన్స్‌లో అమెరికన్ జనరల్ క్లార్క్ ముందు లొంగుబాటు లాంఛనానికి నిలబడిందీ అతనే. 1948 దాకా వేల్స్‌లో యుద్ధఖైదీ. 1950లో కొత్త జర్మన్ సైన్యానికి రూపురేఖలు గీయడానికి కొందరు మాజీ అధికారులు హిమ్మెరోడ్ మఠంలో గుట్టుగా సమావేశమైతే, వారిలో జెంగర్ కూడా ఉన్నాడు.