అక్కాచెల్లెళ్లు ఒకే కోర్టులో పెరిగితే

విశాఖలో ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో పెద్దమ్మాయి టెన్నిస్‌లో చేరిందంటే, కొన్నాళ్లకి చిన్నమ్మాయి కూడా రాకెట్ పట్టుకుంటుంది. అప్పుడు అమ్మానాన్నలకి తోచే సులువైన పని, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి రోజూ ఆడించడం. పార్ట్‌నర్‌ని వెతుక్కోనక్కర్లేదు, కోర్టు ఫీజూ కలిసొస్తుంది. మొదటి ఏడాది బాగానే నడుస్తుంది. తర్వాత ఇద్దరి ఆటా ఒకేచోట ఆగిపోతుంది.

ఎందుకో తెలియాలంటే అమెరికా టెన్నిస్ అక్కాచెల్లెళ్లు వీనస్ (అక్క), సెరీనా (చెల్లెలు) విలియమ్స్ ఒకరితో ఒకరు ఆడిన మ్యాచ్‌లు చూడాలి. ఇద్దరికీ 15 నెలల తేడా. ప్రొఫెషనల్స్‌గా మొదట ఎదురుపడింది 1998 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండ్‌లో; అక్క 7-6, 6-1తో గెలిచింది. మొత్తం 31 మ్యాచ్‌ల్లో సెరీనావి 19, వీనస్‌వి 12. వాటిలో చాలా మ్యాచ్‌లు తప్పులతో నిండి చప్పగా సాగాయని అప్పట్లో విమర్శలొచ్చాయి. నాకైతే అందులో వింతేమీ కనిపించదు. ఎదుటి మనిషి బంతి ఎగరేసే తీరు చూడగానే సర్వ్ ఎటు వస్తుందో తెలిసిపోతే, రిటర్న్ చేసే మనిషి ముందే కదులుతుంది. సర్వర్ ఇంకా మూలకి కొట్టబోయి డబుల్ ఫాల్ట్ చేస్తుంది, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకుంటుంది.

ఇంట్లో పిల్లల విషయంలోనూ జరిగేది ఇదే. చెల్లెలు అక్క కొట్టే బంతి ఒక్కదానికే అలవాటు పడుతుంది. అక్క చెల్లెలికి అందేలా మెల్లగా కొట్టి కొట్టి, స్వింగ్ చివరిదాకా తీసుకెళ్లడం మానేస్తుంది. అందుకని వారంలో ఆరు రోజులు ఆడితే ఇద్దరూ కలిసి ఆడేది రెండు రోజులు చాలు. మిగతా రోజుల్లో పెద్దమ్మాయికి తనకంటే గట్టిగా కొట్టే అబ్బాయిలతో, చిన్నమ్మాయికి తన వయసు పిల్లలతో ఆట పెట్టండి. ఎడమచేతి వాటం ఆటగాళ్లు దొరికితే వదలొద్దు.

కలిసి ఆడే ఆ రెండు రోజులూ ఇద్దరికీ నియమాల్లో తేడా పెట్టాలి. అక్కకి ఒక్క సర్వ్ మాత్రమే; చెల్లెలికి రెండు. చెల్లెలు డబుల్స్ గీతల దాకా, అంటే 36 అడుగుల వెడల్పులోకి కొట్టొచ్చు. అక్క మాత్రం 27 అడుగుల సింగిల్స్ కోర్టులోకే కొట్టాలి. ఇలా పెడితే ఇద్దరూ నిజంగా చెమటోడుస్తారు, అక్క జాలిపడే అవసరమూ ఉండదు.

మన ఊళ్లో ఇంకో సంగతి గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లేస్తే, బీచ్ రోడ్ వైపు కోర్టుల్లో ఒక ఎండ్ (కోర్టు కొస) హాయిగా ఉంటుంది, రెండోది నరకం. ప్రాక్టీస్‌లో పెద్దమ్మాయి ఎప్పుడూ మంచి ఎండ్‌లోనే నిలబడుతుంది, ఎవరూ గమనించరు. పది నిమిషాలకోసారి ఎండ్‌లు మార్పించండి. ఉక్కపోత ఎక్కువున్న రోజు బంతి మీది నూగు తేమ పీల్చి బరువెక్కుతుంది, మెల్లగా వస్తుంది. స్ట్రింగ్ టెన్షన్ (రాకెట్ తీగల బిగువు) రెండు పౌండ్లు తగ్గించి చూడండి. చెమటకి గ్రిప్ జారితే పిల్లలు రాకెట్‌ని మరీ గట్టిగా పట్టుకుంటారు, ముంజేయి నొప్పి అక్కడే మొదలవుతుంది. ఓవర్‌గ్రిప్ (పిడి మీద చుట్టే పలుచని పట్టీ) జారడం మొదలవగానే మార్చేయాలి.

అక్క వదిలేసిన రాకెట్ చెల్లెలికి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. 27 అంగుళాల రాకెట్ తొమ్మిదేళ్ల పిల్లకి పొడవూ ఎక్కువే, బరువూ ఎక్కువే. 25 లేదా 26 అంగుళాలది కావాలి. చెల్లెలికిచ్చే రాకెట్‌లో పాత పాలియెస్టర్ స్ట్రింగ్ ఉంటే తప్పనిసరిగా కోయించండి. అది గట్టిగా ఉంటుంది, ఆడకుండా పక్కన పెట్టినా టెన్షన్ కోల్పోతుంది, చిన్న మోచేతికి మంచిది కాదు. దాని బదులు సింథటిక్ గట్ అనే రకం స్ట్రింగ్ చవక, మెత్తన.

ఇక టోర్నమెంట్లు. అండర్-12, 14, 16, 18 విభాగాలు కాబట్టి ఏడాది, రెండేళ్ల తేడా ఉన్నవాళ్లు ఏదో ఒక ఏడాది ఒకే డ్రాలో (ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే పట్టికలో) పడతారు. ఒకటి, రెండు సీడ్లయితే (నిర్వాహకులు ముందే మేటిగా గుర్తించి డ్రాలో విడివిడిగా పెట్టే ఆటగాళ్లయితే) ఫైనల్ దాకా కలవరు. సీడింగ్ లేకపోతే అంతా చీటీ మీదే, మొదటి రౌండ్‌లోనే పడొచ్చు. ఆ రోజు వార్మప్ వేర్వేరు వాళ్లతో చేయించండి. అమ్మ ఒకరి వైపు, నాన్న ఒకరి వైపు కూర్చోవద్దు. ఇద్దరూ ఒకేచోట కూర్చుని, మంచి పాయింట్ ఎవరిదైనా చప్పట్లు కొట్టండి.

పై స్థాయిలో ఇలాంటి ఫైనల్ అరుదు. 1884లో వింబుల్డన్ మొదటి మహిళల ఫైనల్లో మాడ్ వాట్సన్ తన అక్క లిలియన్‌ని ఓడించింది. ఆ తర్వాత గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్లో అక్కాచెల్లెళ్లు మళ్లీ తలపడింది 2001 యూఎస్ ఓపెన్‌లో. వీనస్ గెలిచింది. 2002 ఫ్రెంచ్ ఓపెన్ నుంచి వరుసగా నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌లో వాళ్లిద్దరే తలపడితే, నాలుగూ చెల్లెలివే.

అదే కాలంలో ఇద్దరూ జోడీగా ఆడటం మానలేదు. 14 గ్రాండ్‌స్లామ్ డబుల్స్ ఫైనల్స్ ఆడి 14 గెలిచారు. 2000, 2008, 2012 ఒలింపిక్స్ స్వర్ణాలు వేరే. కాబట్టి సింగిల్స్‌లో పోటీ మొదలైందని మీ పిల్లల్ని డబుల్స్‌లో విడదీయకండి. ఎవరు డ్యూస్ కోర్టు (కుడి సగం), ఎవరు యాడ్ కోర్టు (ఎడమ సగం) అనేది వయసుని బట్టి నిర్ణయించొద్దు. బ్యాక్‌హ్యాండ్ రిటర్న్ గట్టిగా ఉన్న అమ్మాయికి యాడ్ కోర్టు ఇవ్వండి, అది చెల్లెలైనా సరే.