అతికించిన ర్యామ్, ఒక్క స్క్రూ

మొన్న లాప్‌టాప్ మొండికేసింది. పర్లాకిమిడిలో మా వీధి చివరి రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ఆయన ఫోన్‌లో ఎవరితోనో ఒడియాలో మాట్లాడుతూనే మూత విప్పి, టార్చి వేసి చూసి, "బాబూ, ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంది. అదే పోయుంటే బోర్డంతా మార్చాల్సిందే" అన్నాడు.

పాత డెస్క్‌టాప్ గుర్తొచ్చింది. క్లిప్పులు నొక్కితే ర్యామ్ అనే ఆ మెమరీ పలక ఊడొచ్చేది. బంగారు రంగు అంచుని రబ్బరుతో రుద్ది పెడితే మళ్లీ ఆన్ అయ్యేది!

కోపం వచ్చింది గానీ, తప్పంతా కంపెనీలదే అనలేను. ప్రాసెసర్ పక్కనే అతికిస్తే కరెంటు తక్కువ తాగుతుంది, వేగం పెరుగుతుంది. సులువుగా విప్పుకునే లాప్‌టాప్‌లకు పేరున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా 2025లో తెచ్చిన డెస్క్‌టాప్‌లో ర్యామ్‌ని అతికించేసింది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే గొడవ: విడివిడిగానా, ఒకే ముద్దగానా? కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, చిన్నగా ఉండాలి, మిగతావన్నీ విడి ప్రోగ్రాములుగా నడవాలి అని 1992లో ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ వాదించాడు. లైనస్ టోర్వాల్డ్స్ తాను రాసిన లినక్స్ కెర్నల్‌ని ఒకే ముద్దగా ఉంచాడు. తర్వాత వైఫై, కెమెరా లాంటివి నడిపే డ్రైవర్లను కావాల్సినప్పుడు ఎక్కించి, దించుకునే మాడ్యూళ్లు వచ్చాయి. అయినా ఎక్కాక అవీ కెర్నల్‌లో భాగమే, ఒక్క చెడ్డ డ్రైవర్ మొత్తాన్ని కూల్చగలదు. ఉమ్మడి ఇల్లు లాంటిదే: గదులు వేరు, మెయిన్ స్విచ్ ఒకటే. నా ఓటు మాత్రం లినక్స్‌కే, అలవాటైపోయింది మరి.

ఇంతా టెన్షన్ పడితే, పోయింది ర్యామ్ కాదు, ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ. అది ఒక్క స్క్రూకే ఊడొచ్చింది.