సీటు నిండితేనే ఓష్ బండి

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో డబ్బు లెక్క తేలిక. వాళ్ళ కరెన్సీ సోమ్, మన రూపాయి దాదాపు సమానం. కాఫీ 250 అంటే మన డబ్బులోనూ అంతే. గుండె కలుక్కుమనడానికి గుణకారం కూడా అక్కర్లేదు.

అక్కణ్ణుంచి దక్షిణాన ఉన్న ఓష్ నగరానికి నేరుగా రైలు లేదు, మధ్యలో కొండలు. దిక్కు షేర్ టాక్సీయే. బిష్కెక్‌లోనే ఉన్న ఓష్ బజార్ దగ్గర డ్రైవర్ సీటుకు 2,000 అడిగి 1,700కి దిగాడు. దిగినందుకు శిక్ష, చివరి సీటు నిండేదాకా కదల్లేదు. ఖాళీ సీటు డబ్బులు కూడా నేనిస్తే వెంటనే బయల్దేరతాడట! చివరికి దొర్దోయ్ సంతలో కొన్న బట్టల మూటలతో ఒకావిడ ఎక్కింది. ఆ సంతంతా ఓడల కంటైనర్లే. ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందిది కొట్టు, పైది గోడౌను. చైనా సరుకు అక్కడ దిగి కజకిస్తాన్, రష్యాల దాకా పోతుంది.

బండి జపాన్‌లో వాడేసిన హోండా. స్టీరింగ్ మనలాగే కుడివైపు, కానీ అక్కడ నడపాల్సిందీ రోడ్డుకు కుడిపక్కనే. లారీని దాటబోతే ఎదురొచ్చేది డ్రైవర్‌కి కనిపించదు, ఎడమ సీట్లో ఉన్న నాకు కనిపిస్తుంది. 3,000 మీటర్లు దాటి టో-అషూ సొరంగం వచ్చేదాకా ఆగమనీ వెళ్ళమనీ చెయ్యి ఊపడమే నా ఉద్యోగం. టెన్షన్ నాది, ఛార్జీ అతనిది.

వెనక సీట్లో జగిత్యాల కుర్రాడు, ఓష్‌లో ఎంబీబీఎస్. డ్రైవర్ కబుర్లు అతనే తెలుగులో చెప్పాడు. మాస్కోలో గోడలకు రంగులేసి ఈ బండి కొన్నాడట. తమ్ముళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. 2015లో దేశం రష్యా ముందుండి నడిపే యురేషియన్ ఆర్థిక సంఘంలో చేరినప్పట్నుంచి కిర్గిజ్ వాళ్ళకు రష్యాలో పని పర్మిట్ అక్కర్లేదు. బయటి నుంచి వచ్చే డబ్బు కొన్నేళ్ళు దేశ జీడీపీలో 30 శాతం దాకా ఉండేది. డ్రైవర్ తన ఇంటికి పునాది వేశాక 2014లో రష్యా రూబుల్ విలువ కూలింది, గోడలు నడుము ఎత్తున ఆగిపోయాయి. దారి పొడుగునా అలాంటి మొండి గోడలు చూపించాడు.

"మా దిక్కు దుబాయ్ పైసల ఇండ్లు గిట్లనే ఉంటయన్నా" అన్నాడు కుర్రాడు.

కుమ్‌తోర్ బంగారు గని 2021లో ప్రభుత్వం చేతికొచ్చింది కదా అని అడిగించాను. డ్రైవర్ నవ్వి, తమ్ముళ్ళకు అక్కడ ఉద్యోగం ఇప్పిస్తావా అన్నాడు. కాసేపటికి తొక్తోగుల్ జలాశయం, కళ్ళు చెదిరే నీలం. భారీ జలవిద్యుత్ కేంద్రం ఉంది, అయినా చలికాలం పక్క దేశాల నుంచి కరెంటు కొనాల్సిందే. అక్కడ తిన్న చేప గురించి చెప్పను, బిల్లు గుర్తొస్తుంది.

ఓష్ చేరేసరికి రాత్రి 11 దాటింది. బ్యాగుకు ఇంకో 200 అన్నాడు. ఆవిడ మూటల కింద నలిగిపోయిన బ్యాగుకి నేనే ఎదురివ్వాలా! కుర్రాడు రష్యన్‌లో ఏదో గట్టిగా అరిచాక 100కి తెగింది.