బతికి వచ్చాక మొదలైంది

చావు అంచుదాకా వెళ్లి వచ్చిన మనిషికి ఇక ఏ దిగులూ ఉండదని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బు చేసి ఐసీయూలో ఉన్నన్నాళ్లూ ప్రాణం నిలిస్తే చాలని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. తీరా ఇంటికొచ్చాక, ఎందుకు బతికానన్న ప్రశ్న పట్టుకుంది. ఒళ్లు కోలుకుంటున్న కొద్దీ అది ముదిరింది. ఇలా ఉంటుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

నేను భీమవరం వైపు లైన్‌మన్‌ని. మా సెక్షన్‌లో లోడంతా రొయ్యల చెరువులదే. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రైతు పెట్టుబడి మొత్తం ఒక్క రాత్రిలో పోతుంది. అందుకని గాలివానలో ఫోన్ మోగినా లేచి వెళ్లాల్సిందే. ఎల్సీ, అంటే లైనుకు సప్లై ఆపారన్న అనుమతి (లైన్ క్లియర్) తీసుకుని స్తంభమెక్కి, లైను సరిచేసి దిగేసరికి గట్టు మీద రైతు టార్చిలైటుతో నిలబడి ఉండేవాడు. ఊళ్లో నా గుర్తింపంతా ఆ పనితోనే.

ముందు విరేచనాలయ్యాయి, తగ్గాయి. తర్వాత కొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపించుకుంటే, "టెన్షన్ ఎక్కువైంది, బలానికి ఇంజెక్షన్ చేస్తాను" అని పంపించేశాడు. మోకాలి కింద చిన్న సుత్తితో ఒక్కసారి తట్టి చూస్తే అనుమానం వచ్చేది. ఈ జబ్బులో సాధారణంగా తట్టినా కాలు ఎగరదు. ఆ ఒక్క పని చెయ్యనందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. మర్నాడు మెట్లెక్కలేకపోయాను. ఆ పై రోజు మంచినీళ్ల గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

విజయవాడ తీసుకెళ్లారు. అక్కడ నరాల డాక్టరమ్మ చూడగానే గులియన్ బారీ సిండ్రోమ్ అంది, జీబీఎస్. ఒంట్లోని రోగనిరోధక శక్తి పొరబడి సొంత నరాల మీదే దాడి చేస్తుంది. వైరు మీద తొడుగు పాడైనట్టు నరం మీది పొర పాడైపోయి, మెదడు చెప్పేది కండరానికి చేరదు. వెన్నులోంచి నీరు తీశారు, పరీక్షలు చేశారు. కిలో బరువుకు 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు ఐవీఐజీ ఎక్కించారు. వేలమంది దానమిచ్చిన ప్లాస్మాలోంచి తీసే మందు అది. వాళ్లెవరో నాకు తెలియదు, ఒక్కొక్కరికీ దణ్ణం పెడతాను. మా ఆవిడ నగలు బ్యాంకులోకి వెళ్లాయి. ఈలోగా ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోయి వెంటిలేటర్ మీదికి వెళ్లాను. తర్వాత గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు.

ఈ జబ్బు సంగతి బయటివాళ్లకు తెలియనిది ఒకటుంది. వేలు కదలదు, మాట రాదు, కానీ అన్నీ వినబడతాయి, అన్నీ అర్థమవుతాయి. మా ఆవిడ మంచం పక్కన నిలబడి అ, ఆ, ఇ, ఈ అని వరసగా చదివేది. కావలసిన అక్షరం దగ్గర నేను కన్ను మూసేవాణ్ణి. అలా నేను చెప్పిన మొదటి మాట "దురద". ఆమె ముక్కు మీద గోకింది. అప్పటి సుఖం ఇన్నేళ్లలో ఎరగను.

ఒక రాత్రి పెద్ద వాన. టప్పున లైట్లు పోయాయి, ఏసీ మోత ఆగింది. ఆసుపత్రికి కరెంటు తెచ్చే ఫీడర్ లైను ట్రిప్పయిందని తెలిసిపోయింది. జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుందనీ, వెంటిలేటర్‌కి లోపల బ్యాటరీ ఉంటుందనీ నాకు తెలుసు. లైట్లు వచ్చాయి. కానీ మిషన్ కీచుమంటూ అరుస్తూనే ఉంది. చీకట్లో ఎవరి చెయ్యో తగిలి గొంతు దగ్గర గొట్టం ఊడింది. గాలి రావడం లేదు. సిస్టర్లు అవతలి మంచం దగ్గర ఎవరినో చూస్తున్నారు. పిలవడానికి గొంతు లేదు, కొట్టుకోవడానికి కాళ్లు లేవు. సీలింగు వైపు చూస్తూ నా చావును నేనే వింటున్నాను. గుమ్మం దగ్గర తడి తుడుస్తున్న ఆయమ్మ తలెత్తి నా కళ్లు చూసింది. కర్ర అక్కడే పడేసి, "సిస్టరమ్మా, గొట్టం!" అని కేకేస్తూ పరిగెత్తుకొచ్చింది. నాకు తెలిసిన దేవుడు ఆ రాత్రి నీలంరంగు చీరలో వచ్చాడు. ఆమెకు జీతం ఎంత ఇస్తారో తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

అంత భయమూ తట్టుకున్నాను గానీ, ఆ తర్వాత ఒక సాయంత్రం విన్న మాట తట్టుకోలేకపోయాను. చూడ్డానికొచ్చిన పెదనాన్న నా కాళ్ల దగ్గర నిలబడి మా బాబాయితో అన్నాడు: "ఇలా జీవచ్ఛవంలా పడుండేకన్నా పోయినా బాగుండేది. సర్వీసులో పోతే కారుణ్యం కింద దానికి ఉద్యోగమైనా వచ్చేది." 'అది' అంటే మా ఆవిడ. ఆమె అక్కడే ఉంది. నేను వింటూనే ఉన్నాను.

వెంటిలేటర్ తీశారు, ఇంటికొచ్చాను. దెబ్బతిన్న నరం రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట, అందుకే పాదాలు అన్నిటికన్నా ఆలస్యం. అందరూ "నువ్వు అదృష్టవంతుడివిరా" అంటున్నారు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని వీధి చూసేవాణ్ణి. జనం బళ్ల మీద పరుగులు తీస్తుంటే, వీళ్లంతా ఎక్కడికి పోతున్నారు, పోయి ఏం చేస్తారు అనిపించేది. ఎదురుగా మా ట్రాన్స్‌ఫార్మర్. ఒకరోజు ఫ్యూజు పోతే వేరే కుర్రాడొచ్చి వేసి వెళ్లిపోయాడు. నేను లేకపోయినా ఊరికి కరెంటు వచ్చింది. సెలవులు అయిపోయాయి, సగం జీతం, పైన అప్పు. పెదనాన్న వేసిన లెక్క ఎటు తిప్పి చూసినా సరిగ్గానే ఉంది. అన్నం తింటూ, పిల్ల హోంవర్కు చూస్తూ లోపల అదే లెక్క. చెబితే "బతికించినందుకు ఇదా కృతజ్ఞత" అంటారని నోరు విప్పలేదు.

చివరికి నరాల డాక్టరమ్మే పసిగట్టి సైకియాట్రిస్టు దగ్గరకు పంపింది. పెద్ద జబ్బు చేసి లేచినవాళ్లలో, ఎందుకు బతికానన్న ఈ అస్తిత్వ సంక్షోభం చాలామందికి వస్తుందనీ, దాని వెనకే డిప్రెషన్ కూడా రావచ్చనీ ఆయన చెప్పాడు. కొన్నాళ్లు మాత్రలు ఇచ్చాడు. మాత్రలతో నిద్ర పట్టింది. ప్రశ్న మాత్రం అలాగే ఉంది. పెదనాన్న మాట, నా లోపలి లెక్క ఆయనకు చెబితే, "ఇది మీ ఆవిడతో అన్నారా?" అని అడిగాడు. ఆ రాత్రి ఆమెకు చెప్పాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఆ రోజు బయటికెళ్లి నేనూ ఆ లెక్క వేసుకున్నానండీ. పిల్లని ఎలా పెంచాలా అని. వేసుకున్నాకే లోపలికొచ్చి మళ్లీ అ, ఆ చదివాను."

నాకు కోపం రాలేదు. ఎవరూ నాకు చెప్పని నిజం ఆమె చెప్పింది. నేను ఖరీదైన బరువునని తెలిసి కూడా నన్ను కోరుకున్న మనిషి ఒకరు ఉన్నారు. ఆ తర్వాత లెక్క వెయ్యడం క్రమంగా తగ్గిపోయింది.

ఇప్పుడు స్తంభం ఎక్కలేను. సబ్‌స్టేషన్లో షిఫ్టు డ్యూటీ ఇచ్చారు. లైను మీదికి వెళ్లే కుర్రాళ్లకు ఎల్సీ ఇవ్వడం, వాళ్లు దిగి చెప్పేదాకా సప్లై ఇవ్వకుండా కాపలా కాయడం నా పని.

2025 జనవరిలో పుణేలో జీబీఎస్ ఒకేసారి చాలామందికి వచ్చిందని టీవీల్లో చూసి, తెలిసినవాళ్లు ఫోన్లు చేశారు. వాళ్లకు చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. పాదాల్లో మొదలైన తిమ్మిరి, నీరసం పైకి పాకుతుంటే ఒక్క పూట కూడా ఆగకండి, నరాల డాక్టరున్న పెద్దాసుపత్రికి వెళ్లండి. కదలని మనిషి మంచం దగ్గర ఏం మాట్లాడుతున్నారో చూసుకోండి. నయమై వచ్చినవాడు దిగాలుగా కూర్చుంటే అదృష్టవంతుడివని పాట పాడకుండా, ఏం ఆలోచిస్తున్నావని అడగండి. చెప్పుకోడానికి ఎవరూ లేకపోతే 14416 ఉంది, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఫోన్‌కి డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

మొక్కు ఉండబట్టి అన్నవరం వెళ్లి వ్రతం చేసుకున్నాం. నన్ను బతికించింది ఆ స్వామేనని నా నమ్మకం, ఆయమ్మను పంపించిందీ ఆయనే. పెదనాన్న కూడా వచ్చాడు. అందరితో పాటు ఆయనకూ ప్రసాదం నా చేత్తోనే పెట్టాను. మాట మాత్రం కలపలేదు. మనసులో ఇంకా రావడం లేదు.