తొంభై ఒక్క పుంజీలు, పైన ఒకటి

కార్తీక మాసం, గురువారం రాత్రి.

తెల్లవారుజాము నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. ఈశాన్య రుతుపవనం తిరుపతిని పట్టుకుందంటే రెండు మూడు రోజులు కొండ కనిపించదు, ఆరేసిన బట్ట ఆరదు. బడికి సెలవని ఆరున్నరకే ఫోను వచ్చింది. పిల్లలకు పాఠం చెప్పే పని తప్పింది కనుక, ఈ రోజంతా అమ్మ పక్కన కూర్చుని ఆమె చేతుల్ని చూసే అవకాశం నాకు దొరికింది. చూసినది మరచిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. నిరుడు పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరిగితే పుత్తూరుకు తీసుకువెళ్ళి కట్టు కట్టించాము. ఎముక చక్కగా అతుక్కుంది గాని, అన్నాళ్ళు కదలకుండా ఉన్న వేళ్ళు బిగుసుకుపోయాయి. బొటనవేలూ చూపుడువేలూ కలవడానికి మొరాయిస్తాయి. మెత్తని బంతి ఒకటి ఇచ్చి రోజూ పిసకమని వైద్యుడు చెప్పాడు. రెండు రోజులు పిసికి, మూడోనాడు దాన్ని మనవడికి ఇచ్చేసింది. ఊరికే బంతి పిసుకుతూ కూర్చోవడం ఆమెకు సిగ్గుగా తోచిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అంతకుముందు నేను చేసిన పొరపాట్లు తక్కువేమీ కావు. పెద్దవాళ్ళకు కాలక్షేపంగా ఉంటుందని ఎవరో చెబితే రంగులు నింపే పుస్తకం కొన్నాను. అమ్మ రెండు పేజీలు తిప్పి, "ఏమ్మే, నన్ను మళ్ళా ఒకటో తరగతిలో ఎక్కిచ్చినావా?" అని పక్కన పెట్టింది. తరువాత పూసలు గుచ్చే పెట్టె ఒకటి తెచ్చాను. ఆవగింజంత పూసలు, వెంట్రుకంత సూది. శుక్లం తీయించుకున్న కళ్ళకూ వంగని వేళ్ళకూ అంతకన్నా చెడ్డ పని మరొకటి ఉండదు. పూసలన్నీ మంచం కిందికి దొర్లిపోయాయి. వాటిని ఏరుతూ ఉన్నప్పుడు అమ్మ ముఖం చూడలేకపోయాను. సులువైన పని అంటే చిన్నపిల్లల పని అనుకోవడం మొదటి తప్పు, చిన్న వస్తువు సులువుగా ఉంటుందనుకోవడం రెండో తప్పు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు హస్తకళల పీరియడు నడిపిన నాకు ఈ రెండూ తెలియకపోవడం విచిత్రమే.

ఇవాళ ఉదయం అమ్మ తనంతట తానే ప్రత్తి అడిగింది. పౌర్ణమి దగ్గరపడుతోంది, 365 వత్తుల కట్ట చేయాలి, ఏడాదిలో రోజుకొకటి చొప్పున ఆ ఒక్క రాత్రి వెలిగించాలి. అంగడిలో దారంతో చుట్టిన కట్టలు అమ్ముతారు గదా అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు, పీట తెమ్మంది. గింజ తీసిన ప్రత్తిని పలచగా సాగదీసి, పీట మీద పరచి, చిటికెడు విభూతి అద్దుకున్న అరచేతితో ముందుకు ఒక్కసారి తోసింది. వత్తి తయారైంది. నేను గమనించినది ఏమిటంటే, ఈ పనిలో వేళ్ళు వంగనక్కరలేదు, చేయి చాచి ఉంటే చాలు, బలమంతా మోచేతి నుంచి వస్తుంది. ఓ గంట అలా చేసి అరచేయి వేడెక్కాక, అమ్మ పువ్వొత్తులకు మారింది. అక్కడ మాత్రం ప్రత్తిని గుండ్రంగా పరచి, అంచులు పైకి కూర్చి, పాలలో ముంచిన వేలికొనలతో మొన తిప్పాలి. బొటనవేలూ చూపుడువేలూ కలవక తప్పదు. మొదటి నాలుగూ వదులుగా వచ్చాయి. అయిదోదానికి మొన నిలబడింది. బంతి చేయించలేని పనిని ప్రత్తి చేయించింది. ఎందుకంటే బంతి ఎవరికీ అక్కరకు రాదు, వత్తి దేవుడి ముందు వెలుగుతుంది.

అమ్మ వత్తుల్ని పుంజీలుగా లెక్కపెడుతుంది, నాలుగు ఒక పుంజీ. 365 అంటే తొంభై ఒక్క పుంజీలు, పైన ఒకటి. ఈ లెక్క ఆమెకు నోటికి ఉంది, నేను కాగితం మీద వేసి సరిచూసుకోవలసి వచ్చింది.

పదకొండు గంటలకు కరెంటు పోయింది. వెలుతురు కోసం పీటను కిటికీ దగ్గరకు జరిపాము. కాంతి ఎదురుగా కాక ఎడమ పక్క నుంచి పడేటట్టు కూర్చుంటే కుడిచేతి నీడ పని మీద పడదని అమ్మే చెప్పింది. తెల్లటి ప్రత్తి తెల్లటి పళ్ళెంలో ఆమెకు కనిపించలేదు. నల్లటి గొంగడి ముక్క పరిచాను, తరువాత ఇబ్బంది లేకపోయింది.

కిటికీ దగ్గర మరో పని కూడా సగంలో ఉంది. పాత నూలు చీరల్ని రెండంగుళాల వెడల్పున పీలికలుగా చించి, మూడు పాయలుగా అల్లి, ఆ జడను చుట్టలు చుట్టి దబ్బనంతో కుడితే కాళ్ళు తుడుచుకునే పట్ట అవుతుంది. మూడు పీలికల కొసల్నీ కిటికీ ఊచకు ముడివేసి ఇస్తే, గట్టిగా పట్టుకునే భారం ఊచదే, కుడిచేయి దాటించడం మాత్రమే చేస్తుంది. నైలెక్సు చీరలు ఇందుకు పనికిరావు, జారిపోయి అల్లిక వదులవుతుంది. పట్ట అన్నం పళ్ళెం అంత అయ్యేటప్పటికే రెండు చీరలు హరించుకుపోయాయి. అమ్మ అల్లుతూ ఒక్కో పీలికకూ ఒక్కో చరిత్ర చెబుతుంది. ఇది నగరిలో కొన్నది, ఇది మా చెల్లెలి సీమంతానికి కట్టింది, ఇది నాన్న పోయిన ఏడు. ఆ చివరిది అల్లికలో కలపాలా వద్దా అని అడగబోయి ఊరుకున్నాను. ఆమే కలిపింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కింది వాటాలోని మామ గొడుగు వేసుకుని వచ్చాడు. దిగే ఘాట్ రోడ్డు మలుపుల్లో ఏళ్ళ తరబడి బస్సు నడిపిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతాయి. "స్టీరింగు మింద వణకని చెయ్యి, కాఫీ గ్లాసు పట్టుకుంటే వణకతా ఉండాది పాపా" అంటాడు నవ్వుతూ. వణికే చేతికి కత్తెర ఇవ్వకూడదు, అయితే మడత పెట్టడం ఇవ్వవచ్చు. గత నెల నుంచి ఆయన మా ఇంట్లో కాగితపు కవర్లు చేస్తున్నాడు. కొలిచే అవసరం రాకుండా నేను పెట్టె అట్టతో ఒక అచ్చు కోసి ఇచ్చాను. కాగితాన్ని ఆ అట్ట చుట్టూ మడిచి, మోచేతులు రెండూ బల్లకు ఆనించి, బరువైన ఇత్తడి గ్లాసు అడుగుతో మడతను రుద్దుతాడు. ఆ బరువుకు వణుకు కొంత అణుగుతుంది. మైదా ఉడికించిన జిగురు ఏ రోజుకు ఆ రోజే కాస్తాము. పూర్వం పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాళ్ళు, కాని అది విషం, ముసలివాళ్ళూ పిల్లలూ తిరిగే ఇంట్లో వద్దనుకున్నాను. వార్తాపత్రిక కవర్లలో తినే వస్తువులు మాత్రం పోయము, అచ్చు సిరా అంటుకుంటుంది. వత్తులకూ, విత్తనాలకూ, కుంకుమ పొట్లాలకూ సరిపోతాయి.

ఇవాళ పత్రికలు అయిపోయాయి. అటక మీద దేవస్థానం వారి పాత క్యాలెండర్లు ఉన్నాయి గదా, పన్నెండేసి దళసరి కాగితాలు, గట్టి కవర్లు వస్తాయని కిందికి దించాను. అమ్మ ఒప్పుకోలేదు. స్వామి ముఖం మీద జిగురు పూస్తారా అంది. మామ కూడా చేయి వెనక్కి తీసుకున్నాడు. చివరకు రాజీ కుదిరింది: బొమ్మలున్న భాగాలన్నీ నేను కత్తిరించి పూజగదిలో పెట్టాలి, తేదీలున్న భాగాలే కవర్లకు. కవర్లు చిన్నవయ్యాయి, వత్తుల కట్టకు సరిగ్గా సరిపోయాయి. తేదీల గళ్ళ మధ్య ఏకాదశులు చదువుకుంటూ మామ మడతపెట్టడం వేగం తగ్గించాడు, నేను తొందర పెట్టలేదు.

కత్తెర పిడి విషయం రాయాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారి కలం చూసినప్పటి నుంచి నా మనసులో ఉన్న ఉపాయం అది. వెదురుపుల్ల మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి, దారంతో బిగిస్తారు. బెల్లంలో ఇనుప ముక్కలు నానబెట్టిన నల్లరంగును ఆ చుట్ట పీల్చుకుంటుంది, వేళ్ళతో నొక్కితే మొనకు దిగుతుంది. అక్కడ చుట్ట రంగు కోసం ఉంది, నాకు మాత్రం దాని లావు నచ్చింది. సన్నటి పుల్లను పట్టుకోలేని చేయి ఆ చుట్టను పట్టుకోగలదు. ఇంటికి వచ్చి కత్తెర పిడికీ, దబ్బనానికీ, అమ్మ ముగ్గు రంగులు దిద్దే కుంచెకూ పాత పంచె పీలికలు చుట్టి దారంతో బిగించాను. ఖర్చు ఏమీ లేదు. దబ్బనానికి చుట్టినది ఒకటి రెండుసార్లు ఊడింది, దానికి తడిపిన నూలుదారం వాడాక నిలిచింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ లెక్క చూసింది. యాభై రెండు పుంజీలు అయ్యాయి. ఇంకా ముప్పై తొమ్మిది పుంజీలు, పైన ఒకటి. ఆ పైన ఒకటి నేను చేస్తానక్కా అని మామ అడిగాడు. అమ్మ పీట ఆయన వైపు తిప్పి, ప్రత్తి పరచి ఇచ్చింది. చేయి వణికి వత్తి మధ్యలో ఉబ్బి, చివర సన్నగా వంకర తిరిగింది. నేనైతే బాగుందని కట్టలో కలిపేదాన్ని. అమ్మ దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, విప్పి, ప్రత్తిని మళ్ళీ పరచి ఆయన ముందు పెట్టింది. రెండోదీ విప్పింది. మామకు కోపం రాలేదు, కళ్ళజోడు సరిచేసుకుని, రేపు పొద్దున్నే వస్తానని గొడుగు తీసుకున్నాడు.